క్యాంపస్‌లో నలుగురూ కూర్చునే చోటు ఎలా తయారుచేయాలి

మన యూనివర్సిటీల్లో చాలా చోట్ల ఇదే కనిపిస్తుంది. లైబ్రరీ ముందు పచ్చగా లాన్, చుట్టూ ఇనుప కంచె, మధ్యలో ఎండిపోయిన ఫౌంటెన్, ‘గడ్డిపై నడవరాదు’ అని బోర్డు. పిల్లలేమో పార్కింగ్‌లో బైకుల మీద, మెట్ల మీద, జనరేటర్ గది పక్కన గట్టు మీద కూర్చుని కబుర్లాడుకుంటూ ఉంటారు. లక్షలు పోసి చేసిన చోట ఒక్క మనిషి ఉండడు. ఎవరూ పట్టించుకోని మూల మాత్రం కిటకిటలాడుతూ ఉంటుంది.

ఆ తోటను ఎవరో చూడ్డానికి చేశారు గానీ కూర్చోవడానికి చేయలేదు. మన ఎండల్లో మనిషి ఆరుబయట పది నిమిషాలు నిలవాలంటే ముందు నీడ కావాలి, తర్వాత కూర్చోవడానికి చోటు కావాలి, అక్కడికి చుట్టు తిరగకుండా చేరే దారి కావాలి. పూలూ గడ్డీ ఆ తర్వాత సంగతి. ఊళ్ళో రచ్చబండ దగ్గర ఈ మూడూ ఉంటాయి: రావో వేపో పెద్ద చెట్టు, దాని కింద కూర్చునే ఎత్తులో రాతి అరుగు, పొలానికి పోయేవాళ్ళూ బడికి పోయేవాళ్ళూ దాటే కూడలి. అందుకే ఎవరూ రమ్మని పిలవకపోయినా జనం అక్కడ చేరతారు.

మీరు లెక్చరర్ కావచ్చు, ఎస్టేట్ ఆఫీసులో ఇంజనీరు కావచ్చు, స్టూడెంట్ యూనియన్ తరఫున మాట్లాడేవాళ్ళు కావచ్చు. లైబ్రరీకి, క్యాంటీన్‌కి, రెండు మూడు డిపార్ట్‌మెంట్లకి మధ్యన అరెకరం ఖాళీ స్థలం ఉందనుకుందాం. అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు. దాన్ని అందరూ వాడుకునే చోటుగా మార్చడానికి ఏ పని తర్వాత ఏ పని చేయాలో చెప్తాను. లెక్కలన్నీ హైదరాబాద్ చుట్టుపక్కల నేలకూ ఎండకూ సరిపోయేవి. కోస్తాకి తేడా ఉన్న చోట ఆ సంగతి కూడా చెప్తాను.

ముందు వారం రోజులు ఊరికే చూడండి

గునపం ముట్టుకోకముందు, ఆర్కిటెక్ట్‌ని పిలవకముందు, ఆ స్థలం ప్లాన్ ప్రింటు ఒకటి చేతిలో పెట్టుకుని రోజూ ఐదు వేళల్లో అక్కడికి వెళ్ళండి. పొద్దున ఎనిమిదికి, పదకొండుకి, ఒంటిగంటకి, నాలుగున్నరకి, రాత్రి ఏడున్నరకి. ఎవరు ఎక్కడ కూర్చున్నారో చుక్కలు పెట్టండి. ఒంటరిగా ఉన్నవాళ్ళకి ఒక రంగు, ఇద్దరు ముగ్గురికి ఒకటి, గుంపులకి ఒకటి. ఎవరు ఎటునుంచి ఎటు నడుస్తున్నారో గీతలు గీయండి.

1970లలో విలియం వైట్ అనే ఆయన న్యూయార్క్‌లో ఇదే పని చేశారు. నగరం మధ్యలో ఉన్న చిన్న ప్లాజాల్లో కెమెరాలు పెట్టి జనం ఎక్కడ కూర్చుంటున్నారో ఓపిగ్గా చూశారు. చివరికి తేలింది చాలా మామూలు మాట: కూర్చోవడానికి చోటు ఉన్న దగ్గరే జనం కూర్చుంటారు. ఇంకో మాట కూడా తేలింది. మాట్లాడుకోవడానికి జనం ఏకాంతంగా ఉన్న మూలలు వెతుక్కోరు, పదిమంది నడిచే దారి మధ్యలోనే ఆగి మాట్లాడుకుంటారు. మన క్యాంటీన్ గుమ్మం ముందు ఒకసారి నిలబడి చూస్తే ఆయన చెప్పింది నిజమేనని మీకే తెలుస్తుంది.

చుక్కలు లేని చోట్లు కూడా రాసుకోండి. సాయంత్రం ఏడు తర్వాత అమ్మాయిలు ఒక్కరూ కనబడకపోతే, అది డిజైన్ తీర్చాల్సిన సమస్యే. వీల్‌చైర్‌లో ఉన్న విద్యార్థి ఆ వైపే రాకపోతే, ఏ మెట్టు దగ్గర ఆగిపోతున్నారో కనుక్కోండి. వాచ్‌మన్‌తో, ఊడ్చే అమ్మతో, మాలీతో తప్పకుండా మాట్లాడండి. నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో, పాములు ఏ మూల తిరుగుతాయో, రాత్రి సీసాలు ఎక్కడ దొరుకుతాయో, కోతులు ఎప్పుడొస్తాయో కమిటీ మీటింగ్‌లో ఎవరూ చెప్పరు. వీళ్ళే చెప్తారు.

నేల మీద, నేల కింద ఏముందో తెలుసుకోండి

ఉన్న ప్రతి చెట్టునీ ప్లాన్ మీద గుర్తుపెట్టండి. దేన్నీ కొట్టే ఆలోచన పెట్టుకోకండి. 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. ఆ అనుమతి సంగతి అలా ఉంచినా, ముప్పై ఏళ్ళ వేపచెట్టు ఇచ్చే నీడ మీరు ఏ బడ్జెట్‌తోనూ కొనలేరు. ప్లానే చెట్టు చుట్టూ తిరగాలి. పెద్ద బండరాళ్ళ సంగతీ అంతే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి ఆ అందం వచ్చింది అక్కడి గుండ్ల వల్లే. మీ స్థలంలో ఒక గుండు ఉంటే, బ్లాస్టింగ్‌కి రేటు అడగడం మానేసి దాని పక్కనే కూర్చునే చోటు పెట్టండి.

మ్యాన్‌హోళ్ళు, కరెంటు కేబుళ్ళు, ఇంటర్నెట్ ఫైబర్, బోరు లైను, డ్రైనేజీ పైపులు ఎక్కడున్నాయో పాత డ్రాయింగుల్లో సగమే ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌నీ ప్లంబర్‌నీ వెంట తీసుకుని తిరిగి, సుద్దతో నేల మీదే గీతలు గీయించండి. తర్వాత మట్టి చూడండి. మూడు నాలుగు చోట్ల మీటరు లోతు గుంత తవ్వించండి. అడుగు లోతుకే రాయి తగిలితే అక్కడ పెద్ద చెట్టు పెట్టడం వృథా. నల్లరేగడి వస్తే, అది తడికి ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది కాబట్టి దాని మీద నేరుగా పేవింగ్ వేస్తే రెండు వానాకాలాలు గడిచేసరికి ఎగుడుదిగుడు అయిపోతుంది. పేవింగ్ వచ్చే చోట అడుగు, అడుగున్నర రేగడి తీసేసి మొరం వేసి, తడిపి, రోలరుతో గట్టిగా దిమ్మిస కొట్టించాలి.

దారులు పిల్లలు ఇప్పటికే గీసిపెట్టారు

గడ్డి మీద అడ్డంగా పడిన కాలిబాటలు చూడండి. హాస్టల్ నుంచి క్యాంటీన్‌కి, బస్ స్టాప్ నుంచి ల్యాబ్‌కి. వాటిని కంచెలు కట్టి మూయడానికి చేసే ఖర్చుతోనే వాటిమీద రాయి పరిచేయొచ్చు. ముఖ్యమైన దారి 3 మీటర్ల వెడల్పు ఉంటే నలుగురు పక్కపక్కన మాట్లాడుకుంటూ పోవచ్చు. చిన్న దారులు 1.8 మీటర్లు ఉంటే రెండు వీల్‌చైర్లు ఎదురైనా తప్పుకోగలవు. ఎత్తు తేడా ఉన్న చోట ర్యాంపు వాలు 12కి 1 మించకూడదు. అంటే అర మీటరు ఎత్తు ఎక్కడానికి కనీసం 6 మీటర్ల ర్యాంపు. చివర్లో స్థలం లేక నిటారుగా కట్టేసే ర్యాంపులు ఎవరికీ పనికిరావు. కాబట్టి ప్లాన్‌లో ముందు ర్యాంపు గీసి తర్వాత మెట్లు గీయండి.

తాండూరు నాపరాయి మన దగ్గర చవగ్గా దొరుకుతుంది, చల్లగా కూడా కనిపిస్తుంది. కానీ పాలిష్ చేసినది బయట వేయకండి, మొదటి వానకే జారుతుంది. గరుకు పలకలు అడగండి, అంచులు సమంగా కోయించండి, కీళ్ళు సిమెంటుతో పూర్తిగా మూసేయకుండా ఇసుకతో నింపితే నీరు కిందికి ఇంకుతుంది. అగ్నిమాపక వాహనం, అంబులెన్సు భవనం దగ్గరిదాకా రావడానికి ఒక వైపైనా అడ్డం లేకుండా వదలాలి, అక్కడ అరుగూ చెట్టూ రెండూ వద్దు.

నీడ: అసలు పని ఇక్కడే ఉంది

హైదరాబాద్‌లో ఏటా మే 9 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం పన్నెండుంబావు వేళ సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారుగా పాతిన కర్రకు నీడే పడదు. ఆ వేళ చెట్టు నీడ చెట్టు కిందే ఉంటుంది. కానీ జనం బయటికి వచ్చి కూర్చునేది సాయంత్రం నాలుగు తర్వాత. మే మొదట్లో నాలుగింటికి సూర్యుడు పడమటి దిక్కున, కొంచెం ఉత్తరానికి ఒరిగి, 36 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు 6 మీటర్ల చెట్టు నీడ కొన తూర్పుగా 8 మీటర్ల అవతల పడుతుంది. ఐదింటికి అది దాదాపు 15 మీటర్లకు సాగుతుంది.

అందుకే చెట్టు మొదట్లో పెట్టిన బెంచీ మీద నాలుగింటికి ఎండ నేరుగా మొహాన కొడుతుంది. అరుగు చెట్టుకు తూర్పున, 4 నుంచి 6 మీటర్ల దూరంలో ఉండాలి. ఇంకా చెప్పాలంటే, అరుగు ఎక్కడ రావాలో ముందు తేల్చుకుని దానికి పడమట చెట్టు పెట్టాలి. భవనాల నీడ కూడా లెక్కలోకి తీసుకోండి. 11 మీటర్ల ఎత్తున్న మూడంతస్తుల భవనం మే నెలలో మూడింటికే తూర్పు వైపు తొమ్మిది మీటర్ల నీడ ఇస్తుంది. అది ఉచితంగా వచ్చే నీడ. చాలా క్యాంపస్‌లలో దాన్ని కారు పార్కింగ్‌కి ఇచ్చేశారు.

ఇక ఏ చెట్టు అన్నది. నర్సరీకి వెళ్ళి పూలు చూసి ఎంచుకోకండి. ఏ నెలలో ఆకు రాలుస్తుందో అడగండి. రేల చెట్టు ఏప్రిల్, మే నెలల్లో పసుపు గుత్తులతో వెలిగిపోతుంది. కానీ ఆకంతా రాల్చేసి పూస్తుంది. తురాయీ దాదాపు అంతే. సరిగ్గా నీడ కావలసిన నెలల్లోనే వాటి కింద ఎండ. వాటిని దారి మలుపుల్లో, దూరం నుంచి కనబడేలా పెట్టుకోండి, అరుగు మీదికి మాత్రం వద్దు. వేప ఫిబ్రవరి, మార్చిల్లో ఆకు రాల్చి ఉగాదికల్లా లేతాకు, పూతతో వచ్చేస్తుంది. అంటే మండే ఎండలకు సిద్ధంగా ఉంటుంది. కానుగ కూడా ఎండాకాలం మొదట్లో కొద్దిరోజులే బోసిపోతుంది. తర్వాత చిక్కటి నీడ, నీళ్ళు తక్కువైనా తట్టుకుంటుంది. మన మెట్ట నేలల్లో కూర్చునే చోటుకు కానుగను మించింది లేదని నా అభిప్రాయం. పొగడ మెల్లగా పెరుగుతుంది గానీ ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, రాలిన పూల వాసన బాగుంటుంది. నీరు నిలిచే పల్లపు మూలకి తెల్లమద్ది బాగా నప్పుతుంది.

నేరేడు మంచి చెట్టే, పిట్టలకీ పిల్లలకీ పండగ. కానీ పళ్ళు రాలే కాలంలో దాని కింద ఉన్న రాయి, బట్టలు, కార్లు అన్నీ ఊదా రంగు మరకలే. మట్టి నేల మీద పెట్టండి. మర్రి, రావి భవనాలకు కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి, డ్రైనేజీ లైనుకు ఇంకా దూరం. అంత స్థలం ఉంటే మాత్రం ఒక్క మర్రి పెట్టండి. ఇంకో తరం వాళ్ళు దాని కింద కూర్చుంటారు.

కోనోకార్పస్ మాత్రం వద్దు. తొందరగా పచ్చబడుతుందని రోడ్ల పక్కన తెగ నాటారు. తర్వాత తెలంగాణలో ప్రభుత్వమే దాన్ని నాటొద్దంది, గుజరాత్ 2023లో నిషేధించింది. ఏడాకుల పాల చెట్టుది ఇంకో కథ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో వేలాది చెట్లను పడగొట్టాక, తొందరగా పెరుగుతుందని దాన్ని రోడ్లవెంట వరసలు వరసలుగా పెట్టారు. ఇప్పుడు చలికాలం మొదట్లో అవన్నీ ఒకేసారి పూస్తే ఆ ఘాటు వాసనకి తలనొప్పి, ఊపిరాడటం లేదు అని జనం ఫిర్యాదులు చేస్తున్నారు. అదే చెట్టు శాంతినికేతన్‌లో గౌరవ చిహ్నం, విశ్వభారతి స్నాతకోత్సవంలో దాని ఆకునే చేతికిస్తారు. చెట్టులో తప్పేమీ లేదు, ఒకే రకాన్ని వందల్లో నాటడంలో ఉంది. మీ అరెకరంలో కనీసం ఐదారు రకాలు ఉండేలా చూసుకోండి. సముద్రం దగ్గరి క్యాంపస్ అయితే ఉప్పు గాలిని తట్టుకునే పొన్న, గంగరావి ముందు వరసలో పెట్టండి. పెళుసు కొమ్మలున్న తురాయి, నిద్రగన్నేరు దారుల మీదికి వద్దు.

మొక్క కొనేటప్పుడు ఎత్తు చూసి మోసపోకండి. కడియం నర్సరీల్లో పదిహేనడుగుల మొక్కలు కూడా దొరుకుతాయి. ప్రారంభోత్సవం ఫోటోకి బాగుంటాయి. కానీ ఆరేడు అడుగుల ఎత్తు, బొటనవేలి కన్నా లావు కాండం, ఒకే నిటారు మొదలు ఉన్నదే తొందరగా వేరూనుకుంటుంది. లోడు దింపుకునే ముందు రెండు మూడు మొక్కల సంచీ కోసి వేర్లు చూడండి. వేర్లు సంచీ అడుగున చుట్టలు చుట్టుకుని తాళ్ళలా గట్టిగా ఉంటే అది సంచీలో మరీ ఎక్కువ కాలం ఉన్న మొక్క. నాటాక కూడా ఆ చుట్టలోంచి వేరు బయటికి పోదు, పదేళ్ళకు గాలికి పడిపోతుంది. సన్నటి వేర్లు మట్టిముద్ద అంతా పట్టుకుని ఉండి, ముద్ద విడిపోకుండా ఉంటే తీసుకోండి. ఈ మాట కొటేషన్‌లోనే రాయించండి.

మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంతలు ఎండాకాలంలోనే తవ్వి ఎండబెట్టండి. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, చెదలకు వేపపిండి కలిపి నింపండి. తెలంగాణలో జూన్ చివర, జులైలో రెండు మంచి వానలు పడ్డాక నాటండి. నెల్లూరు, తిరుపతి వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి అక్కడ అక్టోబరు మేలు. పర్యావరణ దినోత్సవం జూన్ 5న కాబట్టి ఆ రోజే నాటాలని పైనుంచి ఒత్తిడి వస్తుంది. ఆ రోజు ఒక్క మొక్క నాటి ఫోటో దిగండి, మిగతావి వాన కోసం ఆపండి.

ఈ చెట్లు నీడ ఇవ్వడానికి ఐదారేళ్ళు పడుతుంది. అప్పటిదాకా పిల్లల్ని ఎండలో ఉంచకండి. ఇనుప పైపులతో పందిరి వేసి రాధామనోహరం పాకిస్తే రెండేళ్ళలో కప్పేస్తుంది. మొదటి రెండు ఎండాకాలాలు మార్చిలో తాటాకు చలువ పందిరి వేయించండి, దాని కిందే చలివేంద్రం పెట్టండి. పెద్ద ఖర్చు కాదు, మొదటి రోజు నుంచే జనం వస్తారు.

అరుగులు, గట్లు, మెట్లు

కూర్చునే ఎత్తు 45 సెంటీమీటర్లు. గట్టు వెడల్పు 75 సెంటీమీటర్లు ఉంటే రెండు వైపులా కూర్చోవచ్చు, పుస్తకాలు పరుచుకోవచ్చు, మధ్యాహ్నం ఎవరైనా కాస్త నడుం వాల్చవచ్చు. పొడుగ్గా ఒకే వరసలో కట్టిన గట్టు మీద ఇద్దరు మాట్లాడుకోవచ్చు గానీ ఐదుగురు మాట్లాడుకోలేరు. అందుకే ‘ఎల్’ ఆకారంలో మలుపు తిప్పండి, లేదా రెండు గట్లు మీటరున్నర దూరంలో ఎదురెదురుగా కట్టండి. కొన్ని చోట్ల వీపు ఆనించుకునేవి, చేతులు పెట్టుకునేవి కూడా ఉండాలి, రిటైరైన ప్రొఫెసర్లు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు లేచేటప్పుడు పట్టు కావాలి. వీల్‌చైర్ పక్కన పెట్టుకునేలా గట్టు చివర 90 సెంటీమీటర్ల ఖాళీ పేవింగ్ వదలండి.

పైన ఏ రాయి వేస్తారన్నది చాలా ముఖ్యం. నల్ల కడప బండ వంటింటి గట్టుకు బాగుంటుంది. ఎండలో రెండు గంటలు ఉంటే దాని మీద చెయ్యి కూడా పెట్టలేం. స్టీలు బెంచీలదీ అదే బాధ. లేత రంగు గ్రానైటు గానీ బూడిద రంగు తాండూరు రాయి గానీ వేయించండి, అంచు గుండ్రంగా కొట్టించండి, లేకపోతే తొడలకు కోసుకుంటుంది. వాన నీరు నిలవకుండా పై రాయికి కొద్దిగా వాలు ఇవ్వాలి, 50కి 1 చాలు. మేస్త్రీ మొదటి గట్టు కట్టగానే మిగతావి ఆపించి, నలుగురు పిల్లల్ని పిలిచి కూర్చోబెట్టి చూడండి. కాళ్ళు వేలాడితే ఎక్కువైంది, మోకాళ్ళు పైకి లేస్తే తక్కువైంది. ఆ పూటే సరిచేయడం తేలిక.

ఉన్న చెట్టు చుట్టూ గుండ్రంగా అరుగు కట్టాలని అందరికీ ఉంటుంది. కట్టండి, కానీ మొదలుకు కనీసం మీటరు, మీటరున్నర అవతల. లోపల మట్టి పోసి ఎత్తు చేయకండి. రావి, మర్రి అలాంటి పూడికను తట్టుకుంటాయి, కొత్త వేర్లు వేసుకుంటాయి. వేపకీ కానుగకీ మొదలు చుట్టూ అడుగు మట్టి పేరిస్తే బెరడు కుళ్ళుతుంది, వేర్లకు గాలి ఆడదు, నాలుగేళ్ళకు చెట్టు పైనుంచి ఎండుతూ వస్తుంది. పునాది తవ్వేటప్పుడు లావు వేరు అడ్డం వస్తే వేరు నరకొద్దు, పునాదినే పక్కకు జరపండి. వేర్ల మీద వరస గోడ కన్నా విడివిడి రాతి స్తంభాల మీద పలక పెట్టడం ఇంకా మంచిది.

నేల వాలు ఉన్న వైపు మూడు నాలుగు పెద్ద మెట్లు కడితే చిన్న సభకు సరిపోతుంది. 45 సెంటీమీటర్ల ఎత్తు, 75 సెంటీమీటర్ల వెడల్పు, ఎక్కి దిగడానికి మధ్యలో 15 సెంటీమీటర్ల మెట్లు. దాని ముందు ఖాళీ నేల వదలండి. ఇది గట్టిగా అడగాల్సిన విషయం. డ్రాయింగ్‌లో ఖాళీ కనబడగానే అక్కడ విగ్రహమో పూలకుండీల వరసో వచ్చి చేరుతుంది. 12 మీటర్ల అడ్డకొలత ఉన్న వలయం చుట్టుకొలత దాదాపు 38 మీటర్లు. బతుకమ్మ ఆడితే ఒక వరసలో యాభై మంది పడతారు. ఫ్రెషర్స్ డే, వీధినాటకం, ధర్నా, మహిళా దినోత్సవం, ఎవరైనా పోతే సంతాపసభ, అన్నీ అక్కడే జరుగుతాయి. మిగతా రోజుల్లో అక్కడ పిల్లలు షటిల్ ఆడుకుంటారు.

వాన నీళ్ళను బయటికి పంపకండి

హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. వెయ్యి చదరపు మీటర్ల లైబ్రరీ కప్పు మీద పడేదాంట్లో ఐదింట ఒక వంతు వృథా పోయినా 6 లక్షల 40 వేల లీటర్లు చేతికొస్తాయి. 5,000 లీటర్ల ట్యాంకర్లు 128. ఆ నీటిని డ్రైన్‌లో కలిపేసి ఏప్రిల్‌లో ట్యాంకర్ కోసం ఫోన్లు చేయడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

దారి పక్కన మీటరు, మీటరున్నర వెడల్పున లోతు తక్కువ పల్లం తవ్వి, వట్టివేరు, తుంగ లాంటివి నాటండి. కప్పు పైపుల నీరు అందులోకి, అక్కడినుంచి ఇంకుడు గుంతకి, అది నిండితే క్యాంపస్ చెరువుకి. తవ్వేముందు చిన్న పరీక్ష చేయండి. అడుగు లోతు గుంత నీళ్ళతో నింపండి, ఇంకాక మళ్ళీ నింపి, గంటకు ఎంత దిగుతుందో స్కేలు పెట్టి చూడండి. అంగుళం కూడా దిగకపోతే అక్కడ ఇంకుడు గుంత పనిచేయదు, చోటు మార్చాలి. ఎక్కడైనా రెండు రోజులు దాటి నీరు నిలవకూడదు, లేదంటే దోమలు.

గడ్డి, పొదలు

లాన్ వద్దనను, తక్కువ ఉండాలంటాను. ఎండాకాలంలో చదరపు మీటరుకు రోజుకు ఐదు లీటర్ల దాకా తాగుతుంది. వెయ్యి చదరపు మీటర్లకు రోజూ ఒక ట్యాంకరు. రెండు మూడు వందల చదరపు మీటర్లకు పరిమితం చేసి, అక్కడ పిల్లల్ని కూర్చోనివ్వండి. నర్సరీ వాళ్ళు చూపించే మెత్తటి కార్పెట్ గడ్డి తొక్కుడుకు ఆగదు. మన గరిక ఎండినా మొదటి వానకు లేస్తుంది, వందమంది తొక్కినా ఊరుకుంటుంది. హాస్టల్‌కి మురుగునీటి శుద్ధి ప్లాంటు ఉంటే ఆ నీటినే పైపు వేసి తెప్పించండి.

పొదలకి నందివర్ధనం, మందారం, నూరువరహాలు చాలు. దారి అంచున ఏది పెట్టినా మోకాలి ఎత్తు దాటనివ్వద్దు. ఖాళీ మట్టి వదిలితే ఒక్క సీజన్‌లో వయ్యారిభామ ఆక్రమిస్తుంది, పూత రాకముందే వేర్లతో పీకించాలి. రాలిన ఆకును కాల్చకండి, చెట్ల పాదుల్లో నాలుగు వేళ్ళ మందాన పరిస్తే తడి ఆరదు.

చీకటి పడ్డాక

మోకాలి నుంచి తల పైదాకా చూపుకు అడ్డం ఏదీ ఉండకూడదు. పొదలు కింద, కొమ్మలు రెండున్నర మీటర్ల పైన. దీపస్తంభాలు నాలుగు మీటర్లకు మించి ఎత్తు వద్దు, వెలుగు పసుపు రంగులో ఉండాలి, ఎదుటి మనిషి మొహం కనబడాలి. ఎత్తైన హైమాస్ట్ దీపం ఒక్కటి వేసి వదిలేస్తే దాని కింద పట్టపగలు, చెట్టు వెనక కటిక చీకటి. స్తంభం చెట్టు కొమ్మల్లో కలవకుండా ప్లాన్‌లోనే సరిచూడండి. ఏ అరుగు నుంచి చూసినా బయటికి పోవడానికి రెండు దారులు కనబడాలి. అమ్మాయిల్ని వెంటబెట్టుకుని రాత్రి ఎనిమిదికి అక్కడ నడిచి, వాళ్ళు ‘ఇక్కడ భయం’ అన్న ప్రతి చోటా ప్లాన్ మార్చండి.

టెండర్, తర్వాతి రెండేళ్ళు

ల్యాండ్‌స్కేప్ పనిని సివిల్ టెండర్‌లో చివరి లైనుగా పడేస్తే, సివిల్ పని అయ్యేసరికి డబ్బు అయిపోతుంది. విడిగా పెట్టించండి. కాంట్రాక్టులో నాటడంతోపాటు రెండేళ్ళ పోషణ కూడా రాయండి, చచ్చిన మొక్క స్థానంలో అదే రకం, అదే సైజు మొక్క వాళ్ళే పెట్టాలి. బిల్లులో కొంత భాగం రెండో ఎండాకాలం దాటాకే చెల్లించాలి. డబ్బు చాలకపోతే ఈ వరసలో ఖర్చుపెట్టండి: దారులు, చెట్లు, గట్లు, దీపాలు, నీటి ఏర్పాటు. ఫౌంటెన్, సెల్ఫీ పాయింటు అడిగితే వచ్చే ఏడాదికి వాయిదా వేయండి.

మొదటి ఎండాకాలం ఒక్కో చెట్టుకు వారానికి రెండుసార్లు పాతిక లీటర్లు, పాదు నిండా నిదానంగా. రోజూ చెంబెడు పోస్తే వేరు పైపైనే తిరుగుతుంది, లోతుకు దిగదు. రెండో ఏడాది వారానికి ఒకసారి చాలు. ఊతకర్రలకు కట్టిన తాళ్ళు ఏడాది కాగానే విప్పేయండి, కాండంలోకి దిగిపోతాయి. మాలీ పేరు, నీళ్ళు పెట్టే రోజులు ఒక బోర్డు మీద రాసి పెడితే సెలవుల్లో కూడా పని ఆగదు. ఏప్రిల్, మే సెలవుల్లోనే మొక్కలు ఎక్కువ చచ్చిపోతాయి, క్యాంపస్‌లో అడిగేవాళ్ళు ఉండరు కాబట్టి.

పూర్తయిన ఏడాదికి మళ్ళీ ఆ ప్లాన్ ప్రింటు, ఆ ఐదు వేళలు. ఏ గట్టు మీద చుక్కలు పడలేదో చూడండి. నీడ లేకపోతే దానికి పడమట ఇంకో కానుగ పెట్టండి. నీడ ఉన్నా ఎవరూ కూర్చోకపోతే, అది దారికి దూరమైనట్టు. ఆ గట్టు రాళ్ళు తీయించి జనం ఆగుతున్న చోట మళ్ళీ కట్టించండి. కొత్త కాలిబాటలు పడి ఉంటే వాటి మీద రాయి పరచండి.